ఇంటి ఫోను చవగ్గా మార్చుకునేవారికి తలకిందుల సలహాలు

ఇంటి ఫోను బిల్లు తగ్గించుకోవాలని బయల్దేరిన వాళ్లకు ఎవరైనా చెప్పేది ఒకటే. ఎవరు తక్కువకు ఇస్తే వాళ్ల దగ్గర తీసుకో, ఏడాది డబ్బు ఒకేసారి కట్టి తగ్గింపు పట్టు, పాతది ఆ రోజే పీకించెయ్. కర్నూలు, కడప వైపు ఇళ్లను కళ్ల ముందు పెట్టుకుని నేను ఈ మాటలన్నిటికీ అడ్డం చెబుతున్నాను. ధర ఆఖర్న అడగండి. కాస్త ఎక్కువ పడినా నెలనెలా కట్టండి. పాత ఫోను, కొత్త ఫోను మూడు నెలలు పక్కపక్కనే పెట్టుకుని రెండు బిల్లులూ భరించండి. చవక కోసం వెతికే మనిషికి ఇవి తలకిందుల సలహాలుగానే కనిపిస్తాయి. మన సీమలో ఇంటి ఫోను ఎవరి కోసం ఉందో ఆలోచిస్తే మాత్రం లెక్క ఇట్లాగే తేలుతుందని నా గట్టి నమ్మకం.

ఇంటికి నాలుగు సెల్‌ఫోన్లున్న ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఎవరింట్లో మిగిలింది? పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోగా పెద్దవాళ్లిద్దరే ఉండే మిద్దెల్లో. చిన్న తెర మీద అక్షరాలు కనపడని వాళ్ల దగ్గర, సెల్‌ఫోనుకు చార్జింగు పెట్టడం మర్చిపోయే వాళ్ల దగ్గర. బోర్డు మీద ఆరంకెల నంబరు రాయించుకున్న పాత అంగళ్లలో. చిన్న ఆసుపత్రుల్లో. ఇంకా, కువైట్‌కు మనిషిని పంపిన ఇళ్లల్లో.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు పోయి బతకడం ఒక తరం కిందటి నుంచీ ఉన్నదే. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి దాదాపు లక్షా డెబ్బై వేల మంది భారతీయుల్ని విమానాల్లో స్వదేశానికి తెచ్చారు. పరిస్థితి చక్కబడగానే మనవాళ్లు మళ్లీ వెళ్లారు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటిపనికి. ఇప్పుడు ఐఎంవోలో, వాట్సాప్‌లో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు, నిజమే. కానీ ఇంటిపనికి పోయిన మనిషి చేతిలో సెల్‌ఫోను ఎప్పుడూ ఉంటుందన్న భరోసా లేదు. పనిమనిషి ఫోను తీసి దాచిపెట్టే యజమానులు ఉన్నారు. ఫోను పగిలిపోవచ్చు, పోవచ్చు. అట్లాంటి రోజున పక్కింటి డ్రైవరునో, ఆసుపత్రిలో నర్సునో అడుక్కుని ఒక్క ఫోను చేసుకోవాలంటే నోటికి వచ్చిన నంబరే దిక్కు. ఏళ్ల తరబడి మారకుండా ఉన్న ఇంటి నంబరు నోటికి వచ్చినట్టు సెల్‌ఫోనులో పేరు కింద దాక్కున్న నంబరు ఎవరికీ రాదు.

మా వీధిలో ఒక పెద్దావిడ గడప దగ్గరికి కొత్త కనెక్షన్లు రాసుకునే కుర్రవాడు వచ్చినప్పుడు జరిగిన మాటలు నాకు ఇంకా వినిపిస్తున్నాయి.

"అవ్వా, నెలకు సగం మిగుల్తాది. కాల్సన్నీ ఫ్రీ."

"నంబరు ఇదే ఉంటాదా నాయనా?"

"లేదవ్వా, కొత్తది ఇస్తాం."

"అట్లయితే కువైట్‌లో ఉండే మా పాపకు ఎవురు చెప్పాల?"

ఇంటి ఫోను మార్చుకునే ప్రతి ఒక్కరూ మొదట అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగింది. మీరూ అదే అడగండి. ధర తర్వాత.

ఎందుకంటే ల్యాండ్‌లైన్ నంబరు మీ వెంట రాదు. సెల్‌ఫోనుకైతే నంబరు మారకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. పోర్ట్ అని రాసి, పక్కన నంబరు వేసి 1900కు మెసేజ్ పంపితే ఒక కోడ్ వస్తుంది. దాన్ని కొత్త కంపెనీకి ఇస్తే, సర్కిల్ మారనంత వరకు మూడు పనిదినాల్లో పని అయిపోతుంది. ఆ అలవాటు కొద్దీ చాలామంది ఇంటి ఫోనుకూ అంతేననుకుని సంతకం పెడుతున్నారు. ఇంటి ఫోనుకు ఆ వీలు మన దేశంలో లేదు. కడప కోడ్ 08562, కర్నూలు 08518, నంద్యాల 08514, ఆదోని 08512, ప్రొద్దుటూరు 08564. కోడ్ తర్వాత వచ్చే ఆరంకెల్లో మొదటిది 2 అయితే అది బీఎస్‌ఎన్‌ఎల్ ఫోను. నంబర్లు పంచిన తీరే అట్లాంటిది: మొదటి అంకెను బట్టి ఆ ఫోను ఏ కంపెనీదో తేలుతుంది. కాబట్టి వేరే కంపెనీకి పోతే ఊరి కోడ్ అదే ఉంటుంది, మీ నంబరు ఉండదు. పీకించేసిన పాత నంబరు కొన్నాళ్లకు ఇంకెవరికైనా వెళ్లిపోవచ్చు కూడా.

అందువల్ల బిల్లు తగ్గించుకోవాలంటే ముందు వెళ్లాల్సింది ఇప్పుడున్న కంపెనీ ఆఫీసుకే. ఇది చాలామందికి నచ్చదు. విసిగిపోయే కదా మారాలనుకున్నాం, మళ్లీ వాళ్ల దగ్గరికేనా అంటారు. వెళ్లండి. ఎప్పుడో పదేళ్ల కిందట తీసుకున్న ప్లానులోనే ఉండిపోయి, అంతకంటే తక్కువది ఉందని తెలియకుండా కడుతున్న ఇళ్లు బోలెడు. మా నెలవారీ బిల్లుకు ఇంతకంటే చిన్న ప్లాను ఏముంది అని అడగండి. రాగి తీగ ఫోనును భారత్ ఫైబర్ అనే గాజు తీగ సేవలోకి మార్చుకునేటప్పుడు బీఎస్‌ఎన్‌ఎల్‌లో పాత నంబరునే ఉంచుకోవచ్చు. దరఖాస్తులో "పాత నంబరే కావాలి" అని మీ చేత్తో రాసి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. నోటిమాటగా చెప్పి వదిలేస్తే కొత్త కనెక్షన్ కింద కొత్త నంబరు అంటగట్టే ప్రమాదం ఉంది.

ఇక ధర సంగతి. మన దగ్గర ఆఫర్ ధర నిలబడిన చరిత్ర లేదు. రిలయన్స్ ఫోన్లు 2002 డిసెంబర్ 28న మొదలయ్యాయి. మరుసటి ఏడాది 501 రూపాయలు కట్టి ఫోను పట్టుకుపోండని పిలిస్తే జనం ఎగబడ్డారు. ఆ కంపెనీ వాయిస్ సేవలు 2017 డిసెంబర్‌లో ఆగిపోయాయి. అదే నెల 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. నెలకు 149 రూపాయలకే ఫోను, ఇంటర్నెట్, టీవీ మూడూ. కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, ఊళ్లో కేబుల్ ఆపరేటర్ల చేత కనెక్షన్లు ఇప్పించారు. ఆ ఆలోచన గొప్పదని నేను ఇప్పటికీ అంటాను, పత్తికొండ, కోయిలకుంట్ల లాంటి చోట్లకు గాజు తీగ తీసుకుపోవడానికి ఏ ప్రైవేటు కంపెనీ అంత తొందరపడేది కాదు. కానీ ఆ 149 నిలవలేదు. ఆ ధర చూసి పాత ఫోను పీకించుకున్న ఇంటికి తర్వాత మిగిలింది పెరిగిన బిల్లు, పోయిన నంబరు. 2016 సెప్టెంబర్‌లో ఉచితంగా వచ్చిన జియో 2024 జూలైలో ధరలు పెంచితే ఎయిర్‌టెల్, వీఐ కూడా అదే వారంలో పెంచాయి.

బీఎస్‌ఎన్‌ఎల్‌ను మినహాయించి మాట్లాడితే అన్యాయం. 2015 మే 1 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా ల్యాండ్‌లైన్ నుంచి ఏ నెట్‌వర్క్‌కైనా కాల్స్ ఉచితమన్నారు. 2016 స్వాతంత్ర్య దినోత్సవం నుంచి ఆదివారమంతా ఉచితమన్నారు. 49 రూపాయల ప్లాను పెట్టారు, అదీ మొదటి ఆరు నెలలకే. 2018 మొదట్లో రాత్రి ఉచితం పదిన్నర నుంచి ఆరు దాకా కుదించుకుపోయింది. ఫిబ్రవరి 1 నుంచి ఆదివారం ఉచితం ఎత్తేశారు. ప్రభుత్వ సంస్థే అయినా ఆఫర్ ఆఫరే.

ఎస్టీడీ బూత్ రోజులు గుర్తున్నవాళ్లకు తెలుసు. రాత్రి 11 దాటితే పావు చార్జీ అని, అంతసేపూ మేలుకుని బూత్ ముందు వరసలో నిలబడేవాళ్లం. ఆ బాధ తీర్చింది ఏ ఒక్కరి ఆఫరూ కాదు. దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అంటూ 2006 మార్చి 1న వన్‌ఇండియా ప్లాను వచ్చింది. అందరికీ ఒకేసారి తగ్గిన ధర మళ్లీ పైకి పోలేదు. గడప దగ్గరికి వచ్చి మీ ఒక్కరికే ఇస్తున్నామని చెప్పే ధరను నమ్మకండి.

ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దనడానికీ కారణం ఇదే. పన్నెండు నెలలకు కడితే రెండు నెలలు ఫ్రీ అంటారు. డబ్బు మీ జేబులో ఉన్నంత కాలం ఫోను చెడితే మనిషి వస్తాడు. డబ్బంతా వాళ్ల దగ్గరికి చేరాక మీ ఫిర్యాదుకు బరువుండదు. నెలనెలా కట్టే ఇల్లు ఎప్పుడైనా మానుకోగలదని వాళ్లకు తెలుసు. ఆ రెండు నెలల డబ్బు వదులుకోండి, ఆ పట్టు మీ చేతిలో ఉంచుకోండి.

ధరకంటే ముందు అడగాల్సిన రెండో ప్రశ్న: కరెంటు పోతే ఫోను మోగుతుందా? పాత రాగి తీగ ఫోనుకు ఇంటి కరెంటుతో పనిలేదు. ఎక్స్ఛేంజీలో బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు అదే తీగలో వస్తుంది. ఇంట్లో దీపం ఆరిపోయినా ఫోను మోగేది అందుకే. ఫైబర్ గాజు తీగ, దానిలో వెలుగు తప్ప కరెంటు రాదు. ఇంట్లో గోడకు తగిలించే పెట్టెకు కరెంటు లేకపోతే ఫోను చచ్చిపోయినట్టే. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. మే నెలలో గాలివాన వచ్చి లైను తెగినా, మరమ్మతులకని పగలంతా సరఫరా ఆపినా, ఆ గంటల్లోనే ఇంట్లో పెద్దవాళ్లు ఫోను కోసం చెయ్యి చాస్తారు. ఎండలకు సొమ్మసిల్లినా, గుండె పట్టేసినా 108కి చేయాల్సింది ఆ ఫోను నుంచే. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ నంబరు మన సీమలో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఫైబర్ తీసుకుంటే రూటరుకు పెట్టే చిన్న యూపీఎస్ కూడా కొనండి. వెయ్యికి, రెండు వేలకు మధ్య దొరుకుతుంది. ఆ డబ్బుతో ఏడాది ఆదా అంతా కొట్టుకుపోతుందని మీ ఇంట్లో చదువుకున్న పిల్లలు లెక్క చెబుతారు. చెప్పనివ్వండి. దాంతోపాటు తీగ ఉన్న మామూలు ఫోను సెట్టు కొనండి. కార్డ్‌లెస్ వద్దు, దాని అడుగు పెట్టెకు మళ్లీ కరెంటు కావాలి, చేతి ముక్క మంచం కింద పడి దొరకదు.

వరద రోజుల్లో ఏ తీగా పూర్తిగా నమ్మదగినది కాదని కూడా ఒప్పుకోవాలి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు నీళ్లు ఎక్కడికి చేరితే అక్కడ అన్నీ ఆగాయి. నేల కింద రాగి తీగ జాయింట్లలోకి నీరు దిగితే అదీ మూగబోతుంది. సెల్ టవర్ల బ్యాటరీలకూ డీజిలుకూ హద్దుంది. అందుకే ఇంట్లో రెండు రకాల దారులు ఉండాలంటాను: ఇంటి ఫోను ఒక కంపెనీది, సెల్‌ఫోను ఇంకో కంపెనీది. రెండూ ఒకే కంపెనీలో పెడితే బిల్లులో తగ్గింపు ఇస్తామంటారు. తీసుకోకండి.

మూడో ప్రశ్న, తీగ తెగితే స్తంభం ఎక్కేది ఎవరు? 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్‌లో ఒక్కరోజే 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. మన ఎక్స్ఛేంజీల్లో ఏ జంక్షన్ బాక్సులో ఏ జత తీగ ఎవరింటికి పోతుందో కంఠతా వచ్చిన లైన్‌మన్లు చాలామంది అప్పుడే ఇంటికి వెళ్లిపోయారు. ఇప్పుడు చాలాచోట్ల బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌కైనా, ప్రైవేటు ఫైబర్‌కైనా వచ్చేది ఊరి కేబుల్ అబ్బాయే. కాబట్టి కంపెనీ పేరు చూసి మురిసిపోకండి. మీ వీధిలో మూడిళ్లు తిరిగి, ఏ తీగ తెగినప్పుడు ఎన్ని రోజులకు వచ్చారని అడగండి. ఒక వీధిలో బాగున్న కంపెనీ పక్క వీధిలో బాగుండకపోవచ్చు. నంద్యాలలో ఉండే మీ తోడల్లుడి అనుభవం ఆదోనిలో మీకు పనికిరాదు. వచ్చే మనిషి సెల్ నంబరు ముందే రాసుకుని గోడ మీద అంటించండి. ఎంత దగ్గర మనిషైనా ఫిర్యాదు మాత్రం 198కి చేసి డాకెట్ నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకుండా పైవాళ్లను అడిగే దారే ఉండదు.

ఇవన్నీ చూశాకే ధర అడగండి. చూశాక కూడా కంపెనీ మారాలనే తేలితే మారండి, నేను వద్దనను. కానీ పాతది పీకించకండి. మూడు నెలలు రెండు ఫోన్లూ పెట్టుకోండి. ఒక ఇంట్లో రెండు ఫోను బిల్లులా అని బంధువులు ముక్కున వేలేసుకుంటారు. ఆ మూడు నెలల్లో పాత ఫోనుకు వచ్చిన ప్రతి పిలుపునూ ఒక నోటు పుస్తకంలో రాయండి. బ్యాంకు, గ్యాస్ ఏజెన్సీ, డాక్టరు, అల్లుడి తమ్ముడు, పదేళ్లుగా పలకరించని పాత పరిచయస్తుడు, గల్ఫ్ నుంచి వచ్చే తెలియని నంబరు. ఎవరెవరు మీ నంబరు పట్టుకుని కూర్చున్నారో అప్పుడుగానీ తెలియదు. రాసిన ప్రతి ఒక్కరికీ కొత్త నంబరు చెప్పాక, ఒక నెలంతా పాతది మోగకపోతే అప్పుడు సరెండర్ చేయండి.

సరెండర్ చేసేటప్పుడు మొదట్లో కట్టిన డిపాజిట్టు గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో ఏళ్ల తరబడి వరసలో నిలబడి డిపాజిట్టు కట్టి తెచ్చుకున్న ఫోన్లవి. పాత డిమాండ్ నోటు, రసీదు ట్రంకు పెట్టెలో వెతకండి. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. బిల్లు కట్టకుండా వదిలేస్తే వాళ్లే తీసేస్తారులే అనుకోకండి, బకాయి మీ పేరుమీదే ఉండిపోతుంది. ప్రైవేటు కంపెనీ వదిలేస్తుంటే రూటరు తిరిగిచ్చినట్టు కాగితం రాయించుకోండి.

ఇంకో చిన్న సంగతి, కానీ పెద్దవాళ్లను చాలా ఇబ్బంది పెట్టింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోనుకు చేయాలంటే ముందు 0 కొట్టాలి. ఫోను పక్కన అంటించిన చీటీలో పది అంకెలే ఉంటే కాల్ పోదు, ఫోను పాడైందనుకుంటారు. కంపెనీ మార్చే ముందు ఆ చీటీ సరిచేయండి. ప్రతి నంబరు ముందు పెద్ద సున్నా, నల్ల స్కెచ్ పెన్నుతో. ఫోను బాగాలేదనే ఫిర్యాదుల్లో కొన్ని దాంతోనే తీరిపోతాయి.

అంగడివాళ్లకైతే ఇంకా గట్టిగా చెబుతాను. ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. ఆదోనిలో పత్తి మార్కెట్ ఉంది. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, పంచిపెట్టిన క్యాలెండర్ల మీద ఉన్న నంబరు మీ పేరుతో సమానం. నెలకు రెండు వందలు మిగుల్చుకోవడానికి దాన్ని వదులుకోవడం వ్యాపారం తెలిసినవాడు చేసే పని కాదు.

ఒక రకం ఇంటికి మాత్రం నా సలహాలేవీ వర్తించవు. పగలంతా తాళం వేసి ఉండి, అందరి చేతిలో సెల్‌ఫోనుండి, ఏడాదిలో ఒక్కసారి కూడా ల్యాండ్‌లైన్ మోగని ఇల్లు. అట్లాంటి ఇల్లు ఇంకో చవక కంపెనీ కోసం వెతకనే అక్కర్లేదు. ఇంటర్నెట్ ఒక్కటి ఉంచుకుని ఫోను సెట్టు తీసేయొచ్చు.

మిగిలిన ఇళ్లలో ఫోను ఎవరు ఎత్తుతారో వాళ్ల మాటే చెల్లాలి. బిల్లు ఇప్పుడు చాలాచోట్ల దూరాన ఉన్న కొడుకో కూతురో ఆన్‌లైన్‌లో కడుతున్నారు. ప్లాను మార్చాలన్న ఆలోచనా వాళ్లదే, నంబరు పోయే ఇబ్బంది మాత్రం ఇంట్లో ఉన్న అమ్మానాన్నలది. కాబట్టి బెంగళూరులోనో, హైదరాబాదులోనో, కాలిఫోర్నియాలోనో కూర్చుని బిల్లు కట్టే పిల్లలకు నా విన్నపం ఒక్కటే. తక్కువ ధర ప్లాను కనపడగానే బటన్ నొక్కేయకండి. ముందు ఇంటి నంబరుకు ఫోను చేసి, ఎత్తినవాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే మానేయండి, ఆ తేడా డబ్బు మీరే కట్టండి.